లచ్చవ్వ ఏరేసిన పదమూడు రోజులు

లచ్చవ్వకు చదువు రాదు. కాగితం చేతికిస్తే తలకిందులుగా పట్టుకుంటుంది, బొమ్మ కనిపిస్తేనే తిప్పుకుంటుంది. నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివాను. పాప పుట్టేదాకా సిద్దిపేటలోనే ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పాను. అయినా ఈ ఏడాది నేను చూసి కుళ్లుకున్న మనిషి ఎవరంటే లచ్చవ్వే. ఆమె గురించి రాయాలంటే ఆ కుళ్లు గురించీ రాయక తప్పదు.

ఆమె పుట్టింది దుబ్బాక దగ్గర ఒక పల్లెలో. తొమ్మిదేళ్లకే తల్లి పక్కన కూర్చుని బీడీలు చుట్టడం నేర్చుకుంది. పదిహేనేళ్లకు పెళ్లయి సిద్దిపేట వచ్చింది. భర్త దుబ్బయ్య కల్లు గీసేవాడు. ఆయన పోయి పన్నెండేళ్లయింది. కొడుకు మల్లేశ్‌ని డ్రైవింగ్ నేర్చుకునేదాకా సాకింది ఆ బీడీల మీదే. రోజుకు వెయ్యి చుట్టేది. మాట్లాడుతూ చుట్టేది, పోట్లాడుతూ చుట్టేది, మనవరాలిని కాళ్ల మీద పడుకోబెట్టుకుని చుట్టేది.

నిరుడు ఒక పొద్దున చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆకు కత్తిరించి ఉంది, తంబాకు ఉంది, దారం ఉంది. చేతులు లేవలేదు. పొద్దు తిరిగేదాకా అలాగే కూర్చుంది. మరునాడూ అంతే. గాలి సోకిందని ఒకరు తాయెత్తు కట్టించారు, రక్తం తక్కువైందని ఇంకొకరు టానిక్ తాగించారు. ఒకరోజు మూడేళ్ల మనవరాలు దీక్షిత గడప దాటి, వాకిలి దాటి, ఆటోలు తిరిగే రోడ్డు మధ్యకు నడిచింది. లచ్చవ్వ గడపలోనే ఉంది. చూస్తూనే ఉంది. లేవలేకపోయింది. ఎదురింటామె పరుగెత్తి పిల్లను ఎత్తుకొచ్చింది.

ఆ సాయంత్రం నుంచి కోడలు ఉషా పిల్లను ఆమె దగ్గర విడిచిపెట్టడం మానేసింది. మల్లేశ్, ఉషా రెండు వీధుల అవతల కిరాయి ఇంట్లో ఉంటారు. ఉషా బట్టల షాపులో పని చేస్తుంది. అప్పటినుంచి రోజూ పొద్దున మల్లేశ్ బండి మీద పిల్లను చంద్లాపూర్‌లో ఉషా తల్లిగారింట్లో దింపి, సాయంత్రం మళ్లీ తెచ్చుకుంటున్నాడు. ఉషా ఒక్కటే మాట అన్నదట: "డాక్టర్ సార్ మంచిగైంది అన్ననాడు పొల్లను నీ తానికి తోల్త అత్తమ్మా. అప్పటిదాంక నన్ను అడుగకు."

లచ్చవ్వకు కావలసింది ఆ ఒక్క మాటే. మందులు వేసుకున్నా, క్లినిక్‌కు నడిచి వచ్చినా అందుకోసమే.

మేమిద్దరం కలిసింది ఆ క్లినిక్‌లోనే. ఒక ట్రస్టు నడిపే రెండు గదుల చోటు. డాక్టర్ రమాకాంత్ రెండు నెలలకోసారి వస్తారు. మిగతా గురువారాలు కౌన్సెలర్ స్వరాజ్యలక్ష్మి మేడం మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. పాపకు నాలుగో నెలలో నాకు మొదలైన చీకటి పదకొండో నెల దాకా తగ్గలేదు. పాప ఏడిస్తే భయం, నిద్రపోతే ఊపిరి తీస్తోందో లేదోనని భయం. మాత్రలు నన్ను కాస్త నిలబెట్టాయి. ఇక మిగిలింది నీ చేతిలో ఉంది అన్నారు మేడం.

నా చేతిలో ఉన్నది ఫోను. అందులో పద్నాలుగు యాప్‌లు వేసుకున్నాను. పీడీఎఫ్‌లు నలభై దాకా దించుకున్నాను. ఏ పద్ధతిని ఎంతమంది మీద పరీక్షించారు, పోల్చి చూడటానికి ఇంకో గుంపును పెట్టారా లేదా, ఆరు నెలల తర్వాత ఎంతమందికి మేలు నిలిచింది, అన్నీ ఒక పట్టికలో రాసుకున్నాను. ఇంగ్లీషులో ఉన్నవి ఎవరో ఒంటరిగా పెద్ద ఇంట్లో ఉండేవాళ్ల కోసం రాసినట్టుండేవి. తెలుగులో దొరికినవి ఇంకా ఘోరం. ఒకదాంట్లో "మీ లోపలి పిల్లవాడిని కౌగిలించుకోండి" అని ఉంది. బయటి పిల్లే నా చేతుల్లో ఆగడం లేదు, లోపలి పిల్లవాడిని ఎక్కడ వెతకను? సముద్రపు హోరు వినిపించే ఆడియో పెడితే పాప గుక్కపట్టింది. పట్టిక మాత్రం రోజురోజుకూ పెరిగింది. అందులో ఉన్నవాటిలో ఒక్కటీ నేను వారం పాటు చేయలేదు.

మేడం ఇచ్చింది పదహారు పేజీల చిన్న పుస్తకం, దాంతో పాటు ఒక కాగితం. కాగితం మీద వరుసకు ఏడు చొప్పున ఏడు వరుసల గుండ్రాలు. రోజుకొక గుండ్రంలో నోరు గీయాలి. బాగున్న రోజు నవ్వే నోరు, బాగాలేని రోజు కిందికి వంగిన నోరు, రెండూ కాకపోతే అడ్డగీత. పుస్తకంలో ఏ పరిశోధనల పేర్లూ లేవు. నేను దాన్ని అప్పుడే తీసిపారేశాను. మేడం నా వైపు చూసి, "సింధుజా, లచ్చవ్వకు చదువు రాదు. వారానికి రెండు పేజీలు మీరు చదివి వినిపించండి" అన్నారు.

అలా ఆ పుస్తకాన్ని గట్టిగా చదివింది నేను. విన్నది ఆమె.

"మీకు ఇష్టమైన హాబీని ఎంచుకోండి" అని చదివాను మొదటి రోజు.

"హాబీ అంటే ఏంది బిడ్డా?"

"ఇష్టంగా చేసే పని అవ్వా."

"పని ఇష్టంగ ఎవలు చేస్తరే? చెయ్యకుంటే పూట గడువదని చేస్తరు."

"అట్ల కాదు. ఉత్తగనే, మనసుకు మంచిగ అనిపించేది."

కాసేపు ఆలోచించింది. "దుబ్బయ్యను తిట్టుడు నాకు మస్తు ఇష్టముండె. గాయిన పాయె. ఇప్పుడెవల్ని తిట్టాలె? నిన్ను తిట్టనా?"

గదిలో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

పుస్తకంలో ఉన్న అసలు సంగతి ఒక్కటే. మనసు కుదురుకున్నాక పని చేద్దామని ఆగకు, చిన్న పని మొదలుపెడితే మనసు వెనకాల వస్తుంది. ఈ వాక్యం నేను ఇంగ్లీషులో ఇరవై చోట్ల చదివాను. లచ్చవ్వ ఒక్కసారి విని ఇంటికి పోయి, మరునాడు పది బీడీలు చుట్టింది. పది చాలని పుస్తకం చెప్పింది కదా, పదే. తర్వాత ఇరవై ఐదు, అంటే ఒక కట్ట. మూడో వారానికి కోమటి చెరువు కట్ట మీద నడిచొస్తున్నానని చెప్పింది. "గాడ అందరు బూట్లేసుకుని ఉరుకుతున్నరు. నేను చెప్పులు చేతుల పట్టుకుని నడుస్తున్న. నన్ను సూసి ఒకామె ఫోటో తీసింది."

నాలుగో గురువారం నా పాప చిన్ని క్లినిక్‌లో గుక్కపట్టి ఏడ్చింది. నేను భుజాన వేసుకున్నాను, ఊపాను, పాలు పట్టాను. లచ్చవ్వ చేతులు చాచింది. రెండు నిమిషాల్లో చిన్ని ఆమె కాళ్ల మీద నిద్రపోయింది. చేతులకు తంబాకు వాసన, నా పిల్లకు పడుతుందో లేదోనని నాకు భయం. ఆ భయం కింద ఇంకొకటి ఉంది, దాని పేరు నాకు తెలుసు. ఇంటికెళ్లి ఆ ముచ్చట మా ఆయన వంశీకి చెప్పాను. ఆయన ఫోన్ చూస్తూనే, "నువ్వు గూడ ఆ లచ్చవ్వ లెక్క చెయ్యరాదు సింధూ" అన్నాడు. ఆ పూట ఆయనతో మాట్లాడలేదు.

ఏడో గురువారం మేడం అందరి కాగితాలు చూశారు. నా కాగితంలో నోళ్లు లేవు, అంకెలున్నాయి. మేడం వాటిని పైకే చదివారు. పదికి మూడు, మూడున్నర, రెండు ముప్పావు. లచ్చవ్వ కాగితంలో వరుసగా నవ్వే నోళ్లు. ఒక్కటీ వంగలేదు. మేడం కాగితం పైకెత్తి చప్పట్లు కొట్టారు. "వచ్చే గురువారం డాక్టర్ గారు వస్తారు. మీ కోడల్ని కూడా తీసుకురండి. మాత్రలు తగ్గిద్దామేమో అడుగుదాం, మనవరాలి ముచ్చట కూడా మాట్లాడుదాం." లచ్చవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అందరూ ఆమె చుట్టూ చేరారు.

చదివి వినిపించింది నేను. చప్పట్లు ఆమెకు.

ఇంటికి వచ్చి నా కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఆరు వరుసలు నిండాయి. నలభై రెండు రోజులు. అప్పుడు గుర్తొచ్చింది, లచ్చవ్వ కాగితంలో నిండింది నాలుగు వరుసలే. అయిదో వరుసలో ఒకటి. ఇద్దరికీ కాగితం ఇచ్చింది ఒకే రోజు. ఇరవై తొమ్మిది నవ్వులు సరే, మిగతా పదమూడు రోజులు ఏమైనట్టు?

ప్రాక్టికల్స్‌లో పిల్లలు తమకు నచ్చని రీడింగులను రాయకుండా వదిలేస్తే నేను పట్టుకునేదాన్ని. అదే పట్టుకున్నాను. నాకు సంతోషం వేసింది. ఎన్నో వారాల తర్వాత ఆ సాయంత్రం నా కాగితంలో ఆరు వేసుకున్నాను.

ఆదివారం చిన్నిని ఎత్తుకుని లచ్చవ్వ ఇంటికి వెళ్లాను. ఊరికే చూసిపోదామని వచ్చానన్నాను. ఆమె గడప దగ్గర చాట ముందు కూర్చుని ఉంది. బీడీలు చుట్టడం అయిపోయింది. కట్టలు కట్టేముందు ఒక్కోటి వేళ్ల మధ్య తిప్పి చూస్తూ, వదులైనవి, ఆకు చిరిగినవి పక్కకు వేస్తోంది.

"అవి ఎందుకు తీసేస్తున్నవ్ అవ్వా?"

"గివి పట్టుకపోతే కార్ఖానల కిటికీకాడ కూసున్నోడు ఊకుంటడా? ఒక్క కరాబుది దొరికిందంటే కట్టలన్ని ఇప్పుతడు. ఇగ మంచియి గూడ వానికి కరాబే అనిపిస్తయి. మా అవ్వ చెప్పింది నాకు. ఇంటికాడ్నే ఏరెయ్యాలె. వాని ముందల మంచియే పెట్టాలె."

నాకు అర్థమైంది. అయినా ఆమె నోటితో వినాలని అడిగాను. "మేడం ఇచ్చిన కాయిదంల కూడా అట్లనే ఏరినవా?"

ఆమె చేయి ఆగింది. "ఏరకుంటే ఎట్ల? మంచిగ లేని నాడు గీత గీసి మేడం చేతుల పెడితే, మేడం ఏమనుకుంటది? ఉషా ఏమనుకుంటది?"

"పదమూడు రోజులు లేవు."

"లెక్కపెట్టినవా?" నా ముఖంలోకి చూసింది. "ఎందుకు లెక్కపెట్టినవ్?"

నేను చిన్ని గౌను సర్దాను. అవతల మంచం మీద మూడు రోజులు లేవకుండా పడుకున్నదీ, ఒకనాడు నానబెట్టిన ఆకు కుళ్లిపోయేదాకా ముట్టనిదీ తనే చెప్పింది. దాచిన దొంగతనంలా కాదు, ఎవరికైనా తెలిసిన సంగతే అన్నట్టు చెప్పింది. పాడైన సరుకు కిటికీ దగ్గరికి ఎవరు పట్టుకెళతారు అన్నట్టు.

"అన్ని రోజులూ వెయ్యి అవ్వా. నేను పక్కన కూర్చుని గీయిస్తా" అన్నాను.

"వద్దు."

"దీక్షిత మళ్లీ రోడ్డు మీదికి పోతే?"

ఆ మాట అనగానే ఆమె మొహం మారింది. "నీ కాయిదంల అన్ని ఏడ్పు లెక్కలే ఉన్నయి కద, మేడం సదువుతుంటే ఇన్న. మరి నీ బిడ్డ నీ సంకల ఎట్లున్నదే? నీ తాన్నుంచి ఎవలు గుంజుకపోలే. నాకు నవ్వు మొకాలు తెస్తే గాని నా పొల్ల రాదు. నీకు ఏడ్పు మొకాలున్నా వచ్చి సంకల కూసున్నది. నిన్ను సూస్తే నాకు కడుపుల మండుతది, ఎరుకేనా నీకు?"

ఏడు వారాలు ఆమెను చూసి నేను కాలిపోయాను. ఆమె నన్ను చూసి కాలిపోవచ్చని ఒక్కసారీ అనిపించలేదు.

"ఎవలకు చెప్పకు" అంది చివరికి. "చెప్పినవంటే మల్ల నా గడప ఎక్కకు."

గురువారం డాక్టర్ రమాకాంత్ వచ్చారు. ఉషా షాపుకు సగం పూట సెలవు పెట్టి వచ్చింది. సన్నగా, అలసిపోయినట్టుంది. లచ్చవ్వ కొత్త చీర కట్టుకుంది. పుస్తకం చదివి వినిపించే మనిషినని మేడం నన్నూ లోపలికి పిలిచారు. డాక్టర్ గారు కాగితం చూసి తల ఊపారు. "బాగుంది లచ్చవ్వా. మాత్ర సగం చేద్దామా?" ఉషా ముఖంలో ఏదో తేలికపడింది. "అయితే రేపట్నుంచి తోలమంటరా సార్?" అని అడిగింది.

రేపు అన్న మాట విన్నాను. గడపలో కూర్చుని చూస్తూ లేవలేని మనిషి, ఆటోలు, మూడేళ్ల పిల్ల. నా చిన్ని కూడా కళ్లముందు కదిలింది.

"సార్, అందులో పదమూడు రోజులు లేవు" అన్నాను.

ఆ మాటలో దీక్షిత కోసం ఎంత ఉందో, నా మంట కోసం ఎంత ఉందో వేరుచేసి తూచే పద్ధతి నా చదువులో లేదు. రెండూ ఉన్నాయి. లచ్చవ్వ నా వైపు చూడలేదు. నేల చూసింది.

"ఏంది అత్తమ్మా?" అంది ఉషా. "మంచిగనే ఉన్న అంటివి కద? రోజు ఫోన్ల అడిగితే మంచిగనే ఉన్న, మంచిగనే ఉన్న అంటివి!"

"మరేమనాలె? పన్న కాడ్నుంచి లేవలే అంటే పొల్లను తోల్తువా?"

డాక్టర్ గారు ఎవరినీ తిట్టలేదు. కొత్త కాగితం తీసి నా చేతికిచ్చారు. "లచ్చవ్వా, ఆ పదమూడు ఏ రోజులో గుర్తున్నాయా?"

"ఎందుకు గుర్తుండవు?"

ఒక్కోటి చెప్పింది. పక్కింటి సుమిత్రమ్మ బిడ్డ పెళ్లినాడు ఇంట్లోనే పడుకున్నది. వాన పడి ఆకు తడిసిన మరునాడు. దుబ్బయ్య తిథి, దాని వెంట రెండు రోజులు. ఆమె చెబుతుంటే నేను గుండ్రాల్లో కిందికి వంగిన నోళ్లు గీశాను. గీయడం పూర్తయ్యాక డాక్టర్ గారు ఆ కాగితాన్ని ఉషా వైపు తిప్పారు. మొదటి మూడు వరుసల్లో తొమ్మిది ఉన్నాయి. తర్వాతి నాలుగు వరుసల్లో నాలుగే.

"ఇది చూడమ్మా" అన్నారు ఉషాతో. "మొదటి కాగితం నాకు ఏమీ చెప్పలేదు. ఇది చెప్తోంది. ఈమె కోలుకుంటోంది. ఇంకా పూర్తిగా కాలేదు. మాత్ర తగ్గించను. ఈ మందుతో, ఈ నడకతో, ఈ పనితో ఇంకా కొన్ని నెలలు నడవాలి."

"మరి పొల్ల?" లచ్చవ్వ గొంతు చాలా చిన్నగా ఉంది.

ఉషా కాగితం మీద ఆ చివరి వరుసలో వేలు పెట్టి చాలాసేపు చూసింది. "రోజు పొద్దుగాల ఎనిమిదింటికి ఫోన్ చేస్త అత్తమ్మా. మంచిగుంది అంటే ఈడ దింపుతం. లేదంటే చంద్లాపూర్ తోల్తం. గంతే. కాని నిజం చెప్పాలె. ఒక్కసారి అబద్ధమాడినవంటే మల్ల తోల."

బయటికి వచ్చాక లచ్చవ్వ నాతో మాట్లాడలేదు. తర్వాతి రెండు గురువారాలు పుస్తకం నా చేత చదివించుకోలేదు. కొత్తగా చేరిన డిగ్రీ అమ్మాయి చేత చదివించుకుంది. ఆ పిల్ల తడబడుతూ చదువుతుంటే లచ్చవ్వ విరగబడి నవ్వుతోంది. నా చదువుకు ఏనాడూ అంత నవ్వలేదు. ఆ పిల్ల మీద కూడా నాకు కుళ్లు పుట్టింది.

మూడో వారం, మంగళవారం పొద్దున, ఉండబట్టలేక నేనే ఆమె ఇంటికి వెళ్లాను. గడప ఎక్కకుండా వాకిట్లోనే నిలబడ్డాను. ఆమె మంచం మీద పడుకుని ఉంది. జుట్టు దువ్వుకోలేదు, పొయ్యి వెలిగించలేదు. నన్ను చూసి, "పిల్లనెత్తుకుని ఎండల నిలవడతవా? లోపటికి రా" అంది. అంతే, క్షమించానని గానీ లేదని గానీ అనలేదు.

ఎనిమిదికి ఫోన్ మోగింది. స్పీకర్‌లో ఉషా గొంతు, వెనక దీక్షిత మాటలు. పిల్ల "నాయినమ్మా, నేను వస్తున్న" అంటోంది.

లచ్చవ్వ కళ్లు మూసుకుంది. పెదవి కొరికింది. ఆ పిల్ల గొంతు కోసం ఆమె ఎన్ని నవ్వే నోళ్లు గీసిందో నాకు తెలుసు.

"ఇయ్యాల వద్దు" అంది.

అటువైపు నుంచి ఉషా, "సరే అత్తమ్మా. మాత్ర ఏసుకున్నవా? పగటీలి అన్నం యాళ్లకు నేనొచ్చి పెట్టిపోత. రేపు మల్ల చేస్త" అంది. ఆ గొంతులో కోపం లేదు. క్లినిక్‌లో విన్నప్పుడు ఆ గొంతు ఇంత మెత్తగా లేదు.

ఫోన్ పక్కన పెట్టి లచ్చవ్వ గోడ వైపు తిరిగి ఏడ్చింది. నేను చిన్నిని ఒళ్లో పెట్టుకుని మంచం పట్టె మీద కూర్చున్నాను. ఇక్కడ నేను చెప్పకూడని మాట ఒకటుంది, అయినా చెబుతాను. ఏడుస్తున్న ఆ మనిషిని చూసి కూడా నాకు అసూయే కలిగింది. ఆమెను రోజూ ఎనిమిదికి ఒకరు అడుగుతారు. వద్దు అంటే వచ్చి అన్నం పెడతారు.

ఆమె కాసేపటికి కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగింది. "ఏంది గట్ల సూస్తున్నవ్? నిన్ను అడిగేటోళ్లు లేరనా?"

"లేరు."

"నీ మొగనికి చెప్పినవా ఎన్నడన్న, ఇయ్యాల నాతోని కాదు అని?"

చెప్పలేదు. మూడున్నర, రెండు ముప్పావు అని కాగితంలో రాశాను గానీ వంశీకి ఎప్పుడూ చూపించలేదు. చూపిస్తే చిన్నిని ఎక్కడ నా దగ్గర నుంచి తీసేసుకుంటారోనని.

"మరి ఆయినకు కలొస్తదా?" అంది లచ్చవ్వ. "చెయ్యి ఫోను."

నంబరు నొక్కి కట్ చేశాను. మళ్లీ నొక్కి మళ్లీ కట్ చేశాను. మూడోసారి వంశీ ఎత్తాడు. "ఏమైంది సింధూ? పాపకేమన్న అయిందా?"

"పాపకేం కాలేదు. నాకు ఇవాళ బాగాలేదు. తొందరగా రా."

"వస్తున్నా" అన్నాడు. ఎందుకని అడగలేదు.

లచ్చవ్వ ఒక్క మాటలో అన్నదాన్ని అనడానికి నాకు మూడుసార్లు పట్టింది.